తినే పంట కాదు

మా పరిశోధన కేంద్రంలో వేరును పల్చగా కోసే యంత్రం ఒకటుంది. దాని కోసం ప్రత్యేకంగా చలవగది కట్టించారు. ఏడాదిలో ఎనిమిది నెలలు అది రిపేరులో ఉంటుంది. ఆ ఎనిమిది నెలలూ పెద్ద చదువులు చదివినవాళ్ళంతా నా బల్ల దగ్గరికి వస్తారు. నా పేరు అప్పలనర్సమ్మ. పదో తరగతి పాసై, ఇక్కడే కూలీగా చేరి, లేబ్ అసిస్టెంటునయ్యాను. బెండు ముక్కను నిలువుగా చీల్చి, మధ్యలో లేత వేరును ఇరికించి, గడ్డం గీసుకునే బ్లేడుతో ఒక్క ఊపున కోస్తాను. కోసిన పొర నీళ్ళలో పడితే ఉందో లేదో తెలియకూడదు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. నా అంత పల్చగా కోసేవాళ్ళు రెండు జిల్లాల్లో లేరని నేనే చెప్పుకుంటాను. ఇంకొకరు చెప్పేదాకా ఆగితే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

గొప్పలకు చెప్పడం లేదు. ఆ చేతికి ఏం జరిగిందో, దాన్ని కాగితం మీద పెట్టించడానికి నేను ఎంత గింజుకున్నానో చెప్పాలంటే, ముందు ఆ చెయ్యి ఎలాంటిదో మీకు తెలియాలి.

మాది నార పంటల కేంద్రం. మా వైపు నార అంటే గోగు. కోసిన గోగు కట్టలను గెడ్డలో, అంటే ఊరి పక్క వాగు నీళ్ళలో, మూడు వారాలు ఊరవేస్తారు. ఆ కుళ్ళు కంపు అర మైలు దూరం కొడుతుంది. ఆ తర్వాత నడుము లోతు నీళ్ళలో నిలబడి పుల్ల నుంచి నార ఒలవాలి. నేను అప్ప అని పిలిచే మా అక్క పోలమ్మ, బావ సింహాచలం గెడ్డవలసలో పాతికేళ్ళుగా ఆ పనే చేస్తున్నారు. బావ కాలివేళ్ళ సందుల్లో చర్మం ఉండేది కాదు. ఏటా గోగు రోజుల్లో ఒరుసుకుపోతుంది, మానేలోపల మళ్ళీ గోగు వస్తుంది.

డాక్టర్ భానుమూర్తి గారు కొత్తగా చేరినప్పుడు ఆయన్ని ఆ గెడ్డ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ముక్కు మూసుకోలేదు. మనిషి నాకు నచ్చడానికి అది చాలు. తిరిగొచ్చాక, నార ఊరడమంటే ఏమిటో నా కోతల్లోనే చూపించారు. మొక్కలో కణం చుట్టూ గోడ ఉంటుంది. ఆ గోడల్లో ఉంటూ, కణాలను ఒకదానికొకటి అంటించి పట్టుకునే జిగురు పెక్టిన్. జామకాయ జెల్లీ గడ్డకట్టేది కూడా దానివల్లే. ఎర్ర రంగు చుక్క వేస్తే ఆ జిగురు ఉన్నచోటల్లా గులాబీ గీతలు తేలతాయి. గెడ్డలో సూక్ష్మజీవులు మూడు వారాలు తీరిగ్గా ఆ జిగురును తింటాయి, అప్పుడుగాని నార ఊడదు.

"ఆ పని మొక్క చేతే చేయిస్తే?" అన్నారాయన.

మూడేళ్ళు పట్టింది. ఆయన చేసిన మందుకు సడలిక అని పేరు పెట్టారు. నలభై రోజుల మొక్క మీద కొడితే, తన గోడల్లో జిగురును మొక్క తనే సడలించుకుంటుంది. కోతకొచ్చాక బెరడు అరటి దొప్పలా చేతికి ఊడి వస్తుంది. గెడ్డలో దిగే పని లేదు, కంపూ లేదు. ప్రయోగం కోసం కేంద్రం పొలంతో పాటు అప్ప చేను కూడా తీసుకున్నారు. మొదటి కట్ట ఒలిచిన రోజు బావ పొడి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని నార తీశాడు. అప్ప ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

అక్కడితో ఆగితే బాగుండేది. ఎనిమిది అడుగులు పెరగవలసిన గోగు ఆ ఏడు పద్నాలుగు అడుగులు పెరిగింది. గోడలు సడలాయి కదా, వేరు తాగిన నీరూ ఎరువూ కణాల మధ్య నుంచి అడ్డం లేకుండా కొనదాకా పోయాయి. మా డైరెక్టరు గారు నిచ్చెన తెప్పించి, ఎక్కి, మొక్క కొన పట్టుకుని ఫోటో దిగారు. నిచ్చెన దిగేసరికి ఆయన నార సంగతి మరిచిపోయారు, ఎత్తు ఒక్కటే గుర్తుంది. ఇంకో పంట చూసి, ఆ పై తొలకరికి నలభై వేల ఎకరాలకు సడలిక ఇస్తామని పైవాళ్ళకు మాట ఇచ్చేశారు.

మందు బయటికి పోవాలంటే ఒక దరఖాస్తు నింపాలి. అందులో ఒక గడి ఉంది: తినే పంటా, కాదా. తినే పంటైతే ఆకు, కాయ, గింజ అన్నీ పరీక్షలకు పోవాలి, రెండేళ్ళు పడుతుంది. మాది నార పంటల కేంద్రం కనుక, గోగు నార పంట కనుక, "కాదు" దగ్గర టిక్కు పెట్టారు. తెలుగువాళ్ళు నలుగురు బల్ల చుట్టూ కూర్చుని గోగు తినే పంట కాదని సంతకాలు చేశారు. ఆ పూట వాళ్ళ భోజనంలో గోంగూర పచ్చడి ఉంది. వడ్డించింది నేనే, నాకూ తట్టలేదు. తిట్టేటప్పుడు నన్ను నేను మినహాయించుకోను.

మా వైపు గోగు చేలో ఆకు కోసుకున్నవాళ్ళను దొంగలనరు. పూత రాకముందు దారిన పోయే ఆడవాళ్ళు చెంగులో నాలుగు పిడికిళ్ళు కోసుకుని పోతారు, రైతు చూసి కూడా తల తిప్పుకుంటాడు. సడలిక కొట్టిన చేలో ఆకు అరచెయ్యంత ఉంటుంది, లేతగా ఉంటుంది, ఉడకడానికి రెండు పొంగులు చాలు. కేంద్రం పొలంలో కాపలావాడి దగ్గర్నుంచి డైరెక్టరు గారి డ్రైవరు దాకా సంచులు నింపుకున్నారు. నేను రెండు పంటకాలాలు అదే తిన్నాను, ఎండబెట్టి దాచుకుని మరీ తిన్నాను. అప్ప ఇంట్లో రోజూ అదే కూర.

కేంద్రం పొలమూ అప్ప చేనూ ఒకే గెడ్డ పక్కన ఉన్నాయి. ఎగువన ఎప్పుడో మూతపడిన మాంగనీసు గని దిబ్బలున్నాయి. వానలకు ఆ నల్లమట్టి కిందికి దిగుతుంది. మా తాతల నాటి నుంచీ గోగు ఆ మట్టిలోనే పెరిగింది, ఆకు తిన్నవాళ్ళకు ఎవరికీ ఏమీ కాలేదు. అందుకే ఆ దిబ్బల వైపు ఎవరి చూపూ పోలేదు.

రెండో ఏడు భాద్రపదంలో ఒక రోజు నా కోత మందంగా వచ్చింది. బ్లేడును తిట్టాను. మూడు బ్లేడులు మార్చాను. నాలుగోసారి బెండుకు బదులు బొటనవేలు తెగింది. గుడ్డ చుట్టుకుంటూ చూశాను, కుడిచెయ్యి తనంతట తనే సన్నగా ఆడుతోంది. దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాను. ఎడమచెయ్యి కూడా ఆడుతోంది.

ఆ ఆదివారం గెడ్డవలస వెళ్ళాను. అప్ప గంజి గ్లాసును రెండు చేతుల్తో పట్టుకుని తాగుతోంది, అయినా రవికె మీద ఒలికింది. బావకు పులుపు పడదు, గోంగూర ముట్టడు. ఆయన చెయ్యి మాత్రం రాయిలా నిలకడగా ఉంది.  అప్పతో ఏమీ అనకుండా చేలోకి వెళ్ళి, సడలిక కొట్టిన మొక్క ఒకటీ, గట్టున దానంతటది మొలిచిన మొక్క ఒకటీ వేళ్ళతో సహా పీక్కొచ్చాను. వేళ్ళకు గని దిబ్బల నల్లమట్టి అంటుకుని ఉంది, మొదటిసారి నా చూపు ఆ దిబ్బల వైపు పోయింది.

మర్నాడు మణికట్టుకు తూనికరాయి కట్టుకుని కోశాను. బరువుంటే చెయ్యి కాస్త కుదురుగా ఉంటుంది. అరవై కోతలకు నాలుగు పనికొచ్చాయి. మాంగనీసు ఉన్నచోట నల్లబడే మందు వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. గట్టు మొక్క వేరులో నలుపంతా బయటి వరస కణాల గోడల్లోనే ఆగిపోయింది. సడలిక మొక్కలో ఆ గోడలు ఖాళీ. నలుపు లోపలికి పోయి, కాండం ఎక్కి, ఆకు ఈనెల్లో కూర్చుంది.

భానుమూర్తి గారు నాలుగు కోతలూ ఒకదాని తర్వాత ఒకటి చూశారు.

"పెక్టిన్ ఉత్త జిగురు కాదు నర్సమ్మా," అన్నారు. "మట్టిలో లోహాలను వేరు అంచునే పట్టి ఆపేది కూడా అదే. ఎరువుకు దారి ఇస్తున్నాననుకున్నాను. అన్నిటికీ దారి ఇచ్చేశాను."

"ఇది చూడండి బాబూ," అని చెయ్యి చాచాను.

ఆయన ఆకును పరీక్షకు పంపారు. మామూలు గోగాకులో ఉండేదానికి ఇరవై రెండింతల మాంగనీసు ఉందని వచ్చింది. అది ఒంట్లో పేరుకుంటే నరాలను పట్టుకుంటుందట. ముందు చేతులు వణుకుతాయి, తర్వాత నడక పోతుంది. నా చెయ్యి మళ్ళీ మామూలవుతుందా అని అడిగాను. తినడం మానేస్తే అక్కడితో ఆగవచ్చు, పోయింది మాత్రం రాకపోవచ్చు అన్నారు. అబద్ధం చెప్పనందుకు ఆ క్షణంలో ఆయన్ని కొట్టాలనిపించింది.

దారి కూడా ఆయనే చెప్పారు. మందును పచ్చని మొక్క మీద కాకుండా, కోసిన కట్టల మీద కొట్టాలి. వేరు తెగిన మొక్క మట్టి నుంచి ఏమీ తాగదు. ఆకు మందు పడకముందే కూరకు పోతుంది. నార ఊడుతుంది. ఎత్తు మాత్రం ఎనిమిది అడుగులే.

డైరెక్టరు గారి గదిలో మా మాట ఆ ఎనిమిది అడుగుల దగ్గరే ఆగిపోయింది.

"ఎనిమిది అడుగుల గోగు కోసం నలభై వేల ఎకరాలు ఎవరిస్తారయ్యా?" అన్నారు. "ఆకు తినరాదు అని డబ్బా మీద వేయిద్దాం. ఎర్రక్షరాల్లో వేయిద్దాం."

"డబ్బా మీద మీరు రాస్తారు బాబూ, ఆకు మీద ఎవరు రాస్తారు?" అన్నాను. "సంతలో కట్ట కొనుక్కున్న మనిషికి అది ఏ చేను ఆకో ఎలాగ తెలుస్తుంది?"

ఆయన నా వైపు చూడలేదు, నేను తెచ్చిన గాజు పలకల వైపు చూశారు. "ఇవి కోసింది నువ్వేనా? చెయ్యి వణికే మనిషి కోసినవి సాక్ష్యం కింద పనికిరావు."

"చెయ్యి వణకడమే కదా బాబూ సాక్ష్యం."

"నీకు వయసెంత?"

"యాభై రెండు."

"మరింకేం," అన్నారు.

కేంద్రం డాక్టరు కూడా అదే రాసిచ్చాడు, వయసు వల్ల అని. పరీక్ష కాగితాన్ని డైరెక్టరు గారు సొరుగులో పెట్టి తాళం వేశారు. నార పంటకు ఆకు పరీక్ష అవసరం లేదు కనుక అది ఫైల్లోకి పోదట. ఫైల్లో లేనిది, మందుకు అనుమతి ఇవ్వడానికి కార్తీకంలో కూర్చునే కమిటీ ముందుకు పోదు. కమిటీ ఊఁ అంటే ఇక డబ్బాలు తయారవుతాయి. భానుమూర్తి గారు నోరు మెదపలేదు. ఆయన ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. బయటికొచ్చాక నా మొహం చూడలేక మెట్లు గబగబా దిగి వెళ్ళిపోయారు.

ఫైల్లో ఒక్క వాక్యం పడాలి. ఆ ఆకు తిన్న మనిషికి చెయ్యి వణికింది అని ఒకే ఒక్క వాక్యం. నాకు కావలసింది అంతే. నా ఒక్కదాని మాట కాకూడదని డ్రైవరు గణపతి దగ్గరికి వెళ్ళాను. షెడ్డులో కారు తుడుస్తున్నాడు. గుడ్డ వదిలినప్పుడు చూశాను, వాడి వేళ్ళు కూడా ఆడుతున్నాయి.

"నా పేరు ఎత్తకు నర్సమ్మక్కా," అన్నాడు. "సెయ్యి ఒణుకుతాదని తెలిస్తే బండి తాళాలు లాగీసుకుంటారు. ఇద్దరు ఆడపిల్లలున్నారు నాకు."

వాడిమీద కోపం రాలేదు. ఎత్తనని మాట ఇచ్చాను.

అప్పకు చెప్పడం ఇంకా కష్టమైంది.

"ఒలే, నీళ్ళల్లో నిలబడేది నువ్వేటి?" అంది. "నీడపట్టున అద్దాలు తుడుసుకునే ఉద్దోగం నీది. మీ బావ కాళ్ళు సూసినావా? మానినాయి. పాతికేళ్ళకి మానినాయి. ఆకు తినొద్దంటే మానేస్తాం. మొక్కే వద్దంటావేటి?"

"నువ్వు మానేస్తావు అప్పా. మన సేలో ఆకు కోసుకెల్లినోళ్ళు మానేస్తారేటి? ఆళ్ళు పిల్లలకి ముద్దల్లో కలిపి పెట్టీసినాక ఏటి సేస్తాం?"

 అప్ప చెంగు ముడి విప్పబోయింది, వేళ్ళు ముడి మీద జారిపోయాయి. రెండోసారి ప్రయత్నించి ఊరుకుంది.

"నాకూ అదేనేటి?" అంది. "కళ్ళు ఆనక ఒలికిపోతందనుకున్నాను."

"అదే అప్పా."

"ముందే సెప్పవేటి నువ్వు." తిడుతూనే ముడి నా ముందుకు చాపింది. ఇద్దరం కలిసి విప్పడానికి చాలాసేపు పట్టింది.

కోసిన కట్టల మీద మందు కొట్టే సంగతి అప్పుడు చెప్పాను. గుమ్మంలో కూర్చున్న బావ మా వైపు తిరిగాడు.

"గట్టు కింద పావెకరం మందు కొట్టనిది ఉంది గదా," అన్నాడు. "అది కోసీసి కొట్టి సూద్దాం. ఊడకపోతే నాను నీళ్ళల్లోకే దిగుతాను. కాళ్ళు నావి. నువ్వు బెంగెట్టుకోకు."

నాలుగు లీటర్ల సడలిక లేబ్ నుంచి తీసుకెళ్ళాను. అనుమతి అడగలేదు, అడిగితే ఇవ్వరు. రిజిస్టరులో నా పేరు, తేదీ, ఎన్ని లీటర్లో రాసి మరీ తీసుకెళ్ళాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే వెతుక్కునే శ్రమ ఉండదని.

ఐదో రోజుకు బెరడు సడలింది. గెడ్డవలస ఆడవాళ్ళు పదిహేనుమంది వచ్చి నేల మీద కూర్చుని ఒలిచారు. పొట్టి నారే, కాని తెల్లగా గట్టిగా ఉంది. బావ ఒక పోగు తీసి రెండు చేతులకూ చుట్టి గుంజాడు, తెగలేదు. "కంపు లేకపోతే పనిసేసినట్టే లేదే," అంది ఒక ముసలమ్మ, అందరూ నవ్వారు. అప్ప ఒలవలేకపోయింది. పుల్లలు అందిస్తూ కూర్చుంది. అంతమందిలో ఎక్కువ నార తీసే మనిషి అది, ఆ రోజు పుల్లలు అందించింది. 

ఆ వివరాలన్నీ రాసి భానుమూర్తి గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివారు, రెండోసారి చదివారు. ఏం చేస్తారని అడగకుండా బయటికి వచ్చేశాను. అడిగితే నోరు జారతానని భయం వేసింది.

సోమవారం కమిటీ అనగా శుక్రవారం నన్ను ఆఫీసుకు పిలిచారు.

హెడ్ క్లర్కు గున్నయ్య గారు రూలు లేకుండా తుమ్మరు కూడా. ఆయన బల్ల మీద నా ఆర్డరు ఉంది. సడలిక ప్రయోగపు మందును అనుమతి లేకుండా బయటికి తరలించినందుకు ఉద్యోగం నుంచి తొలగించడమైనది. డైరెక్టరు గారు కిటికీ దగ్గర నిలబడ్డారు. సాక్షిగా భానుమూర్తి గారిని పిలిపించారు. ఆయన తలుపు పక్కన నిలబడి నేల చూస్తున్నారు.

"అందినట్టు సంతకం చెయ్యమ్మా," అన్నారు గున్నయ్య గారు.

చేశాను. మొదటి రెండక్షరాలు మామూలుగా పడ్డాయి. అక్కడి నుంచి చిక్కిపోతూ, చిన్నవైపోతూ, చివరికి చీమల బారులా కాగితం కిందికి దిగిపోయాయి. గున్నయ్య గారు నా సర్వీసు పుస్తకం తెరిచి, నేను చేరినప్పటి సంతకం పక్కన పెట్టి చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"కలవలేదమ్మా. ఇంకోటి చెయ్యి."

రెండోది ఇంకా చిన్నగా వచ్చింది.

"వేలిముద్ర తీసుకో," అన్నారు డైరెక్టరు గారు.

"చదువుకున్న మనిషి దగ్గర వేలిముద్ర తీసుకుంటే ఎందుకు తీసుకున్నామో కారణం రాయాలండి. సంతకం కలవకపోయినా రాయాలండి. రాయందే ఆర్డరు అందినట్టు కాదండి."

"వయసు అని రాయి."

"ఉద్యోగి ఏం చెబితే అది, చెప్పినట్టే రాయాలండి. కింద సాక్షి సంతకం ఉండాలండి." గున్నయ్య గారు పేజీ తిప్పారు. "ఆర్డరు సడలిక ఫైలు మీద వచ్చింది కాబట్టి దీని నకలు ఆ ఫైల్లోనే పెట్టాలండి. సోమవారం కమిటీకి పోయేది ఆ ఫైలేనండి."

ఆయన నా తరఫున మాట్లాడారని నేను అనుకోను. రూలు తరఫున మాట్లాడారు. ఆ రోజుకు నాకు అదే మహాభాగ్యం.

ఆర్డరు వెనక్కి తీసేసుకుంటే డైరెక్టరు గారికి ఏ గొడవా లేదు. ఆ సంగతి నాకూ తట్టింది, ఆయనకూ తట్టింది. కిటికీ వదిలి బల్ల మీదికి చెయ్యి చాచారు. అంతలో భానుమూర్తి గారు వచ్చి ఆ కాగితం మీద అరచెయ్యి ఆనించారు.

"సాక్షిగా నన్నే కదండీ పిలిచారు," అన్నారు. చెయ్యి తీయలేదు. "రాయించండి. నేను సంతకం చేస్తాను."

"నీ ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకోవడానికే రెండు నెలలు పట్టిందండి."

గున్నయ్య గారు కలం మూత తీశారు. "చెప్పమ్మా. సంతకం ఎందుకు కలవలేదు?"

"చెయ్యి వణకడం వల్ల."

రాశారు. "చెయ్యి ఎందువల్ల వణుకుతోంది?"

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇరవై ఆరేళ్ళలో ఆ గదిలో ఎప్పుడూ కూర్చోలేదు. నా ఉద్యోగం పోయింది, నా పని పోయింది, ఇక నిలబడవలసిన అవసరం ఏముంది.

"సడలిక కొట్టిన చేలో గోగాకు రెండేళ్ళు కూర వండుకుని తినడం వల్ల," అన్నాను. "ఒక్క ముక్క వదలకుండా రాయండి."

గున్నయ్య గారు రాశారు. నెమ్మదిగా, గుండ్రటి అక్షరాలతో, తేదీతో సహా రాసి, కలానికి మూత పెట్టబోయారు.

"ఆగండి," అన్నాను. "ఇంకా ఉంది. గెడ్డవలస పోలమ్మ. ఆ ఆకే తింది, దాని చేతులూ వణుకుతున్నాయి. అది కూడా రాయండి."

"ఆవిడ మన ఉద్యోగి కాదు కదమ్మా."

"నేను ఉద్యోగిని. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి కదా."

ఆయన డైరెక్టరు గారి వైపు చూడలేదు. ఊరి పేరుకు ఒత్తు ఎక్కడ వస్తుందో నన్ను అడిగి తెలుసుకుని, రాయడం మొదలుపెట్టారు.